వరుసగా ఇరవై ఎనిమిది
ఆటవిడుపు

ఆటల్లో గెలుపోటములు సహజం అనే మాట మనం చిన్నప్పటినుంచీ వింటున్నదే. స్కూల్లో ఆటల పోటీలు అయ్యాక బహుమతులివ్వడానికి వచ్చిన పెద్దమనిషి ఆ మాట అనకుండా మైకు వదిలేవాడు కాదు. అయితే ఆయనెవరూ వరుసగా 28 సార్లు ఓడిన జట్టును చూసి ఉండరు. మిషిగన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళు చూశారు. ఆ జట్టు పేరు డెట్రాయిట్ పిస్టన్స్. ఆ సంవత్సరం 2023-24.

బాస్కెట్‌బాల్ జోలికి పోని పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. ఎన్.బి.ఎ.లో 30 జట్లు ఉన్నాయి. ఒక్కొక్క జట్టూ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా 82 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో సగం సొంత ఊళ్ళో, సగం పరాయి ఊళ్ళలో. మన టెస్టు క్రికెట్‌లో లాగా ఇక్కడ డ్రా అనేది లేదు. స్కోరు సమానమైతే మరో అయిదు నిమిషాలు ఆడిస్తారు, అప్పుడూ తేలకపోతే మరో అయిదు. ఎవరో ఒకరు గెలిచేదాకా వదలరు. వానొచ్చి పరువు కాపాడే అవకాశం కూడా లేదు, ఆట పైకప్పు కింద కదా!

పిస్టన్స్ చిన్నాచితకా జట్టు కాదు. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో ఇంజన్ పిస్టన్లు తయారుచేసే ఫ్రెడ్ జోల్నర్ అనే ఆసామి పెట్టిన జట్టు ఇది. అందుకే ఆ పేరు. 1957లో డెట్రాయిట్‌కి మారింది. కార్ల ఊరికి పిస్టన్ల జట్టు రావడం, ఎవరో ముహూర్తం పెట్టినట్టు కుదిరింది. 1989లో, 1990లో, 2004లో మూడుసార్లు చాంపియన్‌షిప్ గెలిచింది. 2004లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్ ఉన్న లాస్ ఏంజలస్ లేకర్స్‌ని 4-1 తేడాతో ఓడించినప్పుడు, ఆ రోజుల్లో ఆబర్న్ హిల్స్, ట్రాయ్ ప్రాంతాల్లో కొత్తగా కాపురాలు పెట్టిన మనవాళ్ళు చాలామంది మొదటిసారి బాస్కెట్‌బాల్ వైపు తొంగిచూశారు. అప్పటి స్టేడియం మనవాళ్ళ ఆఫీసులకి కూతవేటు దూరంలోనే ఉండేది. 2017లో జట్టు డౌన్‌టౌన్‌లోని లిటిల్ సీజర్స్ అరీనాకి వెళ్ళిపోయింది. ఆబర్న్ హిల్స్ స్టేడియాన్ని 2020లో పడగొట్టేశారు.

2023 వేసవిలో పిస్టన్స్ యజమాని టామ్ గోర్స్ పెద్ద పనే చేశాడు. మాంటీ విలియమ్స్ అనే కోచ్‌ని ఆరేళ్ళకి 7 కోట్ల 85 లక్షల డాలర్లిచ్చి తీసుకొచ్చాడు. అప్పటికి ఎన్.బి.ఎ. చరిత్రలో ఏ కోచ్‌కీ అంత ఇవ్వలేదు. విలియమ్స్ సామాన్యుడేమీ కాదు. 2021లో ఫీనిక్స్ జట్టును ఫైనల్స్‌కి తీసుకెళ్ళాడు, 2022లో ఉత్తమ కోచ్ అనిపించుకున్నాడు. జట్టులో కేడ్ కన్నింగ్‌హామ్ అనే 22 ఏళ్ళ కుర్రాడున్నాడు. 2021లో కొత్త ఆటగాళ్ళ ఎంపికలో అందరికంటే ముందు అతణ్ణే తీసుకున్నారు. జేడెన్ ఐవీ, జేలెన్ డ్యూరెన్, ఆసార్ థాంప్సన్ అందరూ ఇరవైకి అటూ ఇటూ వయసున్న పిల్లలే. మొదటి మూడు మ్యాచ్‌ల్లో రెండు గెలిచారు. ఇంకేం, రోజులు మారాయని అభిమానులు చంకలు గుద్దుకున్నారు.

అక్టోబరు 30న ఓక్లహోమా సిటీలో ఓడిపోయారు. అదే రోజున కార్ల కార్మికుల యూనియన్‌కీ జనరల్ మోటర్స్‌కీ ఒప్పందం కుదిరి, మూడు పెద్ద కంపెనీలతో ఆరు వారాలుగా నడుస్తున్న సమ్మె ఒక కొలిక్కి వచ్చింది. డెట్రాయిట్‌కి ఒక కష్టం తీరిన రోజునే మరో కష్టం మొదలైందన్నమాట. నవంబరు నెల మొత్తం ఒక్క గెలుపు లేదు. థాంక్స్‌గివింగ్ వెళ్ళింది. డిసెంబరు వచ్చింది. అయిదు, పది, పదిహేను, ఇరవై. 1980లో ఆ జట్టే రెండు సీజన్లు కలిపి వరుసగా 21 ఓడింది. అది దాటిపోయింది. ఒకే సీజన్‌లో వరుస ఓటముల రికార్డు 26. క్లీవ్‌లాండ్ 2010-11లో, ఫిలడెల్ఫియా 2013-14లో దాన్ని మూటగట్టుకున్నాయి. డిసెంబరు 26న సొంత ఊళ్ళో బ్రూక్లిన్ చేతిలో 118-112తో ఓడి పిస్టన్స్ ఆ రికార్డునీ దాటారు. ఆ రాత్రి కన్నింగ్‌హామ్ ఒక్కడే 41 పాయింట్లు చేశాడు. అయినా లాభం లేకపోయింది. "జట్టును అమ్మేయ్" అంటూ జనం యజమానిని ఉద్దేశించి కేకలు పెట్టారు.

రెండు రోజుల తర్వాత బోస్టన్‌లో మ్యాచ్. ఆ సంవత్సరం చాంపియన్లయిన జట్టు అది. వాళ్ళమీద పిస్టన్స్ ఒక దశలో 20కి పైగా పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు. ఈ రోజు శని వదిలిందనుకున్నారందరూ. చివరికి అదనపు సమయంలో 128-122తో ఓడిపోయారు. అది 28వ ఓటమి. ఫిలడెల్ఫియా రెండు సీజన్లు కలిపి ఓడిన 28తో సరిసమానం.

మన పాఠకుల్లో లెక్కల వాళ్ళు ఎక్కువ కాబట్టి ఒక లెక్క చెబుతాను. అయిదు మ్యాచ్‌లకి ఒకటి చొప్పున గెలవగలిగిన బలహీనమైన జట్టును తీసుకోండి. ఆ జట్టు ఒక్కటీ గెలవకుండా వరుసగా 28 ఓడిపోయే అవకాశం వెయ్యింటికి రెండు. అంటే ఇది దురదృష్టం ఒక్కటే కాదు, చేతగానితనం ఒక్కటే కూడా కాదు. రెండూ కలిసి రావాలి. వచ్చాయి. అనుభవమున్న బొగ్దనోవిచ్, మాంటీ మారిస్ మొదటి వారాల్లో దెబ్బల వల్ల ఆడలేకపోయారు. దూరంనుంచి మూడు పాయింట్ల బంతి వేసేవాళ్ళు కరువయ్యారు. దాంతో ఎదుటి జట్టు వాళ్ళంతా బుట్ట దగ్గరే కాపు కాసేవాళ్ళు. బంతిని చేజేతులా ఎదుటివాళ్ళకి ఒప్పజెప్పడం రివాజైంది. ఎవర్ని ఎప్పుడు ఆడించాలో కోచ్‌కి ఎంతకీ కుదరలేదు. వీటన్నిటికీ తోడు, ఆఖరి అయిదు నిమిషాల్లో స్కోరు దగ్గరగా ఉంటే "మళ్ళీ పోతుందేమో" అన్న భయం. ఆ భయంతో తొందరపాటు, తొందరపాటుతో ఓటమి. గోరుచుట్టు మీద రోకటి పోటు.

ట్రాయ్‌లో మా మిత్రుడి ఇంట్లో ఆ డిసెంబరులో వాళ్ళ నాన్నగారున్నారు. తెనాలి నుంచి వచ్చారు, మంచు ఎలా ఉంటుందో చూడాలని ముచ్చటపడి. పదకొండేళ్ళ మనవడు ప్రతి మ్యాచ్‌కీ నీలం జెర్సీ తొడుక్కుని టీవీ ముందు కూర్చునేవాడు. పెద్దాయన కూడా పక్కన చేరేవారు.

"ఏరా, ఇవాళైనా గెలుస్తారా మీవాళ్ళు?"

"తెలీదు తాతయ్యా."

"ఇన్నిసార్లు ఓడినా వీళ్ళకి జీతాలు ఇస్తారట్రా?"

"ఇస్తారు తాతయ్యా. మిలియన్లు."

"మరి గెలిచే జట్టును చూడొచ్చు కదరా. ఆ బోస్టన్ వాళ్ళని చూడు."

"వాళ్ళు మన టీమ్ కాదు కదా తాతయ్యా!"

పెద్దాయన ఇంకేమీ అనలేదట. ఆ తర్వాతి మ్యాచ్ నుంచి మనవడి కంటే ముందే వచ్చి సోఫాలో కూర్చునేవారట.

ఆ పిల్లవాడి మాటలో ఉన్నదేమిటో మన పెద్దవాళ్ళం కాస్త ఆలోచించుకోవాలి. మన ఇళ్ళలో పిల్లల్ని అడిగే మొదటి ప్రశ్న "ఎంతొచ్చింది?" అని. మ్యాథ్ పోటీ అయినా, స్పెల్లింగ్ బీ అయినా, సంగీతం పోటీ అయినా అదే. బాగా వస్తే ఆ సంగతి ఆదివారం గుడి మెట్ల మీదే నలుగురికీ తెలుస్తుంది. రాకపోతే ఆ సంగతి ఎత్తం. ఏడాదంతా ఓడే స్కూలు టీములో పిల్లవాడుంటే, "అందులో ఎందుకురా టైము దండగ, మానేసి ఎస్.ఎ.టి. చదువుకో" అంటాం. మనం ఇక్కడికి వచ్చిందే పరీక్షలు గెలిచి కాబట్టి, ఓడినచోట నిలబడటం ఎలాగో మన పిల్లలకి చెప్పడం మనకి అంతగా చేతకాదు. అయినా ఓటమి మనకి కొత్తా? 2009లో జనరల్ మోటర్స్ దివాలా తీసినప్పుడూ, 2023లో ఐ.టి. కంపెనీలు వేలమందిని ఒక్కసారిగా తీసేసినప్పుడూ, వీసా గడువు చూసుకుంటూ రోజులు లెక్కబెట్టుకున్న కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. అలాంటప్పుడు వాళ్ళు సంఘం పిక్నిక్కులకి రావడం మానేస్తారు. ఉద్యోగం పోయినందుకు కంటే, "ఇప్పుడెక్కడ చేస్తున్నారండీ?" అనే ప్రశ్నకి ఎక్కువ భయపడి!

అలాగని "ఓటమే విజయానికి మెట్టు" అని సూక్తులు చెప్పడం నా ఉద్దేశం కాదు. పిస్టన్స్ కథ ఆ సూక్తికి సాక్ష్యం చెప్పదు. 2019-20 నుంచి వాళ్ళ లెక్క చూడండి. గెలుపులు వరుసగా 20, 20, 23, 17, 14. మొదటి రెండు సీజన్లు కోవిడ్ వల్ల కుదించినవి, అయినా తీరు తెలుస్తూనే ఉంది. అయిదేళ్ళు ఓడినా ఓటమి వాళ్ళకేమీ నేర్పలేదు, పైగా చివరికి ఇంకా దిగజార్చింది. ఓటమే గురువైతే అయిదో ఏడుకి వాళ్ళు పండితులై ఉండాలి.

ఇక్కడ ఎన్.బి.ఎ. పద్ధతి ఒకటి చెప్పాలి. బాగా ఓడిన జట్లకి మరుసటేడు కొత్త ఆటగాళ్ళని ముందుగా ఎంచుకునే అవకాశం ఇస్తారు. బలహీనుడికి చేయూత ఇవ్వాలనే మంచి ఉద్దేశమే. కానీ దానివల్ల, ఎలాగూ గెలవం కదా, ఇంకాస్త ఓడితే పోయేదేముందని కొన్ని జట్లు కావాలనే చతికిలబడటం మొదలుపెట్టాయి. దాన్ని అరికట్టడానికి లాటరీ పెట్టారు. 2019లో అడుగున ఉన్న మూడు జట్లకీ మొదటి ఎంపిక దక్కే అవకాశాన్ని సమానంగా నూటికి 14 చేశారు. పిస్టన్స్ సంగతేమైంది? 2022-23లో అందరికంటే ఎక్కువ ఓడారు. ఆ ఏడు మొదటి ఎంపిక అంటే విక్టర్ వెంబన్యామా, ఏడడుగుల పైచిలుకు ఫ్రెంచి కుర్రాడు. అతను శాన్ ఆంటోనియోకి పోయాడు. పిస్టన్స్‌కి దక్కింది అయిదో ఎంపిక. 2023-24లో మళ్ళీ అందరికంటే అడుగున నిలిచారు. మళ్ళీ అయిదోదే. అప్పటి రూల్స్ ప్రకారం అడుగున ఉన్న జట్టు అంతకంటే కిందికి పోవడానికి వీల్లేదు కాబట్టి అక్కడ ఆగింది. ఓటమిని పెట్టుబడి అనుకుంటే అసలుకే మోసం వస్తుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

డిసెంబరు 30న సొంత ఊళ్ళో టొరాంటో మీద 129-127తో గెలిచారు. కన్నింగ్‌హామ్ 30 పాయింట్లు చేశాడు, మరో 12 బుట్టలకి బంతి అందించాడు. ఆ రోజే టొరాంటో వాళ్ళు ముగ్గురు ఆటగాళ్ళని న్యూయార్క్‌కి ఇచ్చేసి జట్టు కుదుటపడక ఉన్నారనేది నిజమే. అయినా గెలుపు గెలుపే. జనం చాంపియన్‌షిప్ గెలిచినంత సంబరం చేశారు. 32 మ్యాచ్‌లకి మూడో గెలుపు అది. మిగిలిన 50లో 11 గెలిచి, మొత్తం 14 గెలుపులు, 68 ఓటములతో సీజన్ ముగించారు. 1979-80లో 16 గెలిచి 66 ఓడారు, అప్పటిదాకా ఆ జట్టుకి అదే అధమం. ఆ సీజన్ మొదట్లోనే తీసేసిన కోచ్ డిక్ వైటల్ తర్వాత టీవీ వ్యాఖ్యాతగా దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. అదే జట్టు 1981లో ఐజేయా థామస్‌ని తీసుకుంది, 1983లో చక్ డేలీ కోచ్‌గా వచ్చాడు, 1989లో చాంపియన్లయ్యారు. పాత అభిమానులు 2024 వేసవిలో ఈ సంగతే చెప్పుకుని ధైర్యం తెచ్చుకున్నారు.

అయితే ధైర్యం తెచ్చుకుంటే సరిపోదు, మార్చవలసినవి మార్చాలి. ఆ వేసవిలో అదే జరిగింది. జట్టు నిర్మాణం చూసే ట్రాయ్ వీవర్‌ని పంపించి ట్రజాన్ లాంగ్డన్‌ని తెచ్చారు. ఇంకా అయిదేళ్ళ జీతం ఒప్పందంలో ఉండగానే మాంటీ విలియమ్స్‌ని తప్పించారు. కోట్ల డాలర్ల నష్టం, అయినా భరించారు. జె.బి. బికర్‌స్టాఫ్ కోచ్‌గా వచ్చాడు. టోబయస్ హారిస్, మలిక్ బీస్లీ, టిమ్ హార్డవే జూనియర్ వంటి అనుభవజ్ఞుల్ని తీసుకున్నారు, అందులో బీస్లీ, హార్డవే దూరంనుంచి బంతి వేయడంలో దిట్టలు. ముఖ్యమైన సంగతేమిటంటే, ఓడిన ఆ కుర్రాళ్ళని మాత్రం తీసెయ్యలేదు. కన్నింగ్‌హామ్‌తో మరో అయిదేళ్ళకి ఒప్పందం చేసుకున్నారు. డ్యూరెన్, థాంప్సన్, ఐవీ, ఐజేయా స్టూవర్ట్ అందరూ ఉన్నారు. మార్చింది పిల్లల్ని కాదు, పిల్లల చుట్టూ ఉన్న పరిస్థితుల్ని.

2024-25 సీజన్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడారు. పాత పాటే మళ్ళీ మొదలైందని అందరూ నిట్టూర్చారు. కానీ ఈసారి అలా జరగలేదు. 44 గెలిచి 38 ఓడారు. ఒక ఏడాదిలో 14 నుంచి 44కి. గెలుపుల్ని మరుసటేడు మూడింతలకి పైగా పెంచుకున్న జట్టు ఎన్.బి.ఎ.లో అంతకుముందు లేదు. 2025 ఏప్రిల్ 21న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 100-94తో గెలిచారు. ప్లేఆఫ్స్‌లో 2008 తర్వాత వాళ్ళకి అదే మొదటి గెలుపు. ఆ మధ్యలో ప్లేఆఫ్స్‌లోనూ వరుసగా 15 ఓడిన రికార్డు వాళ్ళదే మరి. ఆ పోటీలో చివరికి 4-2తో న్యూయార్క్ గెలిచింది. కానీ 2025 నవంబరులో పిస్టన్స్ వరుసగా 13 గెలిచి తమ జట్టు పాత రికార్డుని సమం చేశారు. సరిగ్గా రెండేళ్ళ క్రితం అదే నెలలో ఒక్కటీ గెలవని జట్టు!

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. మన హైదరాబాదు జట్టు సంగతి మర్చిపోయారా? 2008లో మొదటి ఐ.పి.ఎల్.లో దక్కన్ చార్జర్స్ 14 ఆడి రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటేడు దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో అదే జట్టు కప్పు గెలిచింది. డెట్రాయిట్ ఫుట్‌బాల్ జట్టు లయన్స్ 2008లో 16 ఆడి 16 ఓడింది. వాళ్ళకి మాత్రం ఒక్క ఏడాది చాలలేదు. పిస్టన్స్ అంత దారుణంగా ఓడిన ఆ 2023-24 చలికాలంలోనే లయన్స్ 1992 తర్వాత మొదటి ప్లేఆఫ్ గెలుపు చూసింది. ఒకే ఊరు, ఒకే చలికాలం, ఒకరికి చీకటి, ఒకరికి వెలుగు. అందరికీ ఒకే గడువు ఉండదు.

ఇంతకీ మనం ఇంటికి తీసుకెళ్ళాల్సింది ఏమిటంటే, పిల్లవాడు ఓడి వచ్చినప్పుడు "ఫరవాలేదులే" అని వదిలెయ్యడమూ సరికాదు, "నీవల్ల కాదులే" అని మాన్పించడమూ సరికాదు. మొదటిదానివల్ల ఏమీ మారదు, రెండోదానివల్ల పిల్లవాడే మారిపోతాడు. కూర్చోబెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో వాడి నోటితోనే చెప్పించాలి. నేర్పే మాస్టారిని మార్చాలా, వేళలు మార్చాలా, తోడు ఇంకెవరైనా కావాలా అని చూడాలి. పిల్లవాడు మన జట్టేనన్న సంగతి మాత్రం వాడికి అనుమానం లేకుండా తెలియాలి. ఉద్యోగం పోయిన మిత్రుడి విషయంలోనూ అంతే. "ఎక్కడ చేస్తున్నారు?" అని అడగడం మానేసి, "శనివారం భోజనానికి రండి, మీ రెజ్యుమే కూడా తీసుకురండి, నలుగురం చూద్దాం" అంటే ఆయన పిక్నిక్కుకి రావడం మానడు. పడ్డవాడు చెడ్డవాడు కాదని మన సామెత ఎప్పుడో చెప్పింది. లేపడానికి చెయ్యి అందించడం మన వంతు.

మీ ఊరి జట్టు ఈ ఏడు ఎలా ఆడుతున్నా, పిల్లల్ని తీసుకుని ఒక్క మ్యాచ్‌కైనా వెళ్ళి రండి. ఓడుతున్న జట్టయితే టిక్కెట్టు కూడా చౌకగా దొరుకుతుంది!

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.